పొట్టు ఎలా వస్తోంది?

మా మామయ్యగారు గడిచిన శనివారం పొద్దున్న రాజమండ్రి ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫోన్ వచ్చేసరికి నేను పాలకొల్లులో మా షెడ్డులో లేత్ ముందున్నాను. "నాన్న వెళ్ళిపోయారు" అన్నాడు మా ఆయన. మెషిన్ ఆపాలని కూడా తోచలేదు. ఇనుప ముక్కని పట్టి తిప్పే చక్ తిరుగుతూనే ఉంది, నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను.

అప్పటినుంచి నా చేతులు ఒకచోట ఉండటం లేదు. భూస్థాపన అయింది, చర్చివాళ్ళ ఆదరణ కూడిక అయింది. వచ్చినవాళ్ళకు టీలు ఇస్తూ ఇస్తూ మధ్యలో షెడ్డులోకి వెళ్ళి, తుడిచిన మెషిన్నే మళ్ళీ తుడిచి వస్తున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు. ఈ నాలుగు మాటలు రాయడానికి ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు.

మీలో ఎవరైనా మా షెడ్డుకి వచ్చి ఉంటే మామయ్యగారి లేత్ ఎంత చిన్నదో చూసే ఉంటారు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు బుష్షులు, కుట్టుమిషన్లకు పిన్నులు, అన్నీ చిటికెన వేలికన్నా సన్నటి పనులే. కోడలిగా వచ్చిన కొత్తలో టీ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయేదాన్ని. "చూస్తే రాదు అమ్మాయ్, పట్టుకో" అని ఓ రోజు హ్యాండిల్ నా చేతికిచ్చారు. మా ఆయనది పంచాయతీ ఆఫీసులో ఉద్యోగం, ఆ మోత ఆయనకు పడదు. అలా పని కోడలికి వచ్చింది. ఎవరైనా "ఆడపిల్లకి ఇనుప పనేంటండి" అంటే, "మీ ఇంట్లో అట్లకాడ ఇనుపది కాదాండి" అనేవారు మామయ్యగారు.

పిన్ను ఎలా వచ్చిందని ఆయన ఎప్పుడూ అడగలేదు. "పొట్టు ఎలా వస్తోంది?" అనే అడిగేవారు. మెషిన్‌కి బిగించిన ఉలి, అదే టూలు, కోస్తుంటే లోహం మీంచి లేచి రాలే పెచ్చుని మేం పొట్టు అంటాం. "కత్తి వంకాయని కోసినట్టు టూలు ఇనుముని కొయ్యదు, తోస్తది" అనేవారు. ఒకసారి పాలగిన్నె ముందు పెట్టుకుని చెంచాతో మీగడ తోసి చూపించారు. చెంచా ముందు మీగడ ముడతలు పడి మందమైంది. లోహమూ అంతేనట. టూలు ముందు పోగుపడి, పొరపొరగా జారి, పొట్టై లేస్తుంది. అందుకే తీసిన పొరకన్నా పొట్టు మందంగా, పొట్టిగా ఉంటుంది. టూలుకి ఆనిన వైపు నున్నగా మెరుస్తుంది, రెండోవైపు గరుకు. అప్పటికి అత్తయ్యగారు బతికే ఉన్నారు. మీగడ పాడుచేశారని ఆవిడ చేత మాటలు పడ్డారు.

ఆసుపత్రిలోనూ అదే ప్రశ్న. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూడగానే "పొట్టు... ఎలా..." అన్నారు. నర్సమ్మ 'పొట్ట' అనుకుని డాక్టరు గారిని పిలుచుకొచ్చింది. డాక్టరు గారు పొట్ట నొక్కుతూ "ఇక్కడ నొప్పా? ఇక్కడా?" అని అడుగుతుంటే మామయ్యగారు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వారు. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఏడుపొస్తోంది.

డాక్టరు వెళ్ళాక "బాగా రావట్లేదండి" అని నిజం చెప్పాను. పక్క వీధి టీచర్ గారిది పోలియో కాలు. ఆ కాలికి ఊతంగా కట్టుకునే క్యాలిపర్ పిన్ను అరిగి మోకాలి దగ్గర జారుతోంది, బడికి వెళ్ళలేకపోతున్నారు. కొత్త పిన్ను సగం చేసి మామయ్యగారు మంచాన పడ్డారు. అలాంటి స్టీలు ముక్క మా దగ్గర అదొక్కటే. ఎక్కడ పాడవుతుందోనని నేను కోత మరీ సన్నంగా పెడుతున్నాను. పొట్టుకు బదులు పొడి రాలుతోంది, టూలు కీచుమంటోంది.

ఆయన ఆగి ఆగి చెప్పారు. "భయపడుతున్నావు అమ్మాయ్. ఎంత సానపట్టినా టూలు అంచుకి కంటికి కనపడని గుండ్రం ఉంటది. దానికన్నా తక్కువ తియ్యాలని చూస్తే కొయ్యదు, రాస్తది. రాసేకొద్దీ స్టీలు మొండికేస్తది. కాస్త ఎక్కువే పెట్టు." తర్వాత కళ్ళు మూసుకుని, "నువ్విక్కడెందుకు, వెళ్ళు. టీచర్ గారు చూస్తా ఉంటారు" అన్నారు. నాతో ఆయన ఆఖరి మాట అది. మర్నాడు పొద్దున్న మెషిన్ ఆన్ చేసిన కాసేపటికే ఆ ఫోన్ వచ్చింది. అలా పంపేసినందుకు ఆయన మీద నాకింకా కోపంగానే ఉంది.

ఆదరణ కూడికకు టీచర్ గారు చేతికర్రతో ఆటోలో వచ్చారు. పిన్ను సంగతి నేనే ఎత్తాను. "ఆయ్, దానికేం తొందరండి, నెమ్మదిగా చేయండి" అన్నారు. కూర్చోవడానికి ఆవిడ ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి సర్దుకున్నారు. ఇక నెమ్మది నావల్ల కాలేదు.

నిన్న పనిలోకి దిగాను. టూలు మళ్ళీ సానపట్టాను. మొండికేసిన పొర కిందకి దిగేలా కోత పెట్టాను. కొలతకు మించి మిగిలి ఉన్నదంతా ఇందులోనే పోవాలి, ఇంకో కోతకు చోటు లేదు. అయినా హ్యాండిల్ తిప్పాను. కీచు ఆగిపోయింది. సన్నటి పొట్టు లేచి, చుట్టలు తిరిగి, స్టూలు మీద ఆయన వదిలివెళ్ళిన తువ్వాలు మీద పడింది.

"బాగా వస్తోందండి" అన్నాను, షెడ్డులో ఎవరూ లేకపోయినా.

సాయంత్రం పిన్ను టీచర్ గారికి బిగించి వచ్చాను. ఈ పొద్దున ఆవిడ మా గుమ్మం ముందునుంచే బడికి నడిచి వెళ్ళారు. తువ్వాలు ఇంకా ఉతకలేదు. దాని మడతలో ఆ పొట్టు అలాగే ఉంది, నున్నటి వైపు పైకి తిరిగి మెరుస్తూ.