బయటికి తిరిగిన అరచెయ్యి

షికాగోలో రాబోయే నెలల ధరల మీద ఫ్యూచర్స్ బేరాలు కేకలతో, చేతి సైగలతో సాగే హాలు మూతపడి ఏళ్ళయినా అది అక్కడి పాత వ్యాపారి రే వోయ్‌చిక్ ఒంట్లోంచి పోలేదు. డోలొరెస్ బారులో బీరు కావాలంటే అరచెయ్యి తనవైపు తిప్పుతాడు, కొంటున్నానని. చాలంటే బయటికి తిప్పుతాడు, అమ్ముతున్నానని. వడ్డీరేట్ల మీద దగ్గరి నెల కాంట్రాక్టు కొని, దూరపు నెలది అమ్మి, మధ్య తేడా మీద బతుకుతాడు. ఇప్పుడదంతా ఫోన్లోనే. టీవీలో సెంట్రల్ బ్యాంకు మాట వినబడితే చాలు, నోట్లోని వేరుశనగ పొట్టు తుపుక్కున నేలమీద ఉమ్ముతాడు. అది చూస్తే డోలొరెస్‌కి ఒళ్ళు కంపరమెత్తుతుంది.

"మార్కెట్ తుమ్మితే వడ్డీ తగ్గించి ముక్కు తుడుస్తారు, సిగ్గులేని వెధవలు! మునిగేవాణ్ణి మునగనివ్వరే!"

ఆ బుధవారం మార్కెట్ కుప్పకూలింది. సెంట్రల్ బ్యాంకు అధినేత టీవీలోకొచ్చి, వడ్డీ తగ్గించేది లేదన్నాడు. రే మొహం పాలిపోయింది. ఈసారీ తగ్గిస్తారనే ధీమాతో ఉన్నదంతా పెట్టి కొనేశాడు.

"దొంగ సచ్చినోళ్ళు! మనల్ని గాలికొదిలేశారు!"

"నువ్వు రోజూ చెప్పేదే చేశారు కదయ్యా," అంది డోలొరెస్, పొట్టు ఊడుస్తూ.

రే ఫోను ముట్టుకోలేదు. టీవీకేసి అరచెయ్యి బయటికి తిప్పి, "అమ్మేస్తున్నా, అమ్మేస్తున్నా" అని బొంగురుగొంతుతో అరిచాడు. కొంటానంటూ బారులో ఒక్క అరచెయ్యీ లోపలికి తిరగలేదు.