పిచ్చుక తూకం

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన కాటాలు బాగుచేస్తున్నాడు. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, కాటా మేస్త్రి అంటే చాలు. ఇంటి ముందుగదే కొట్టు. గోడ నిండా మేకులకు వేలాడే గొలుసులు, సొట్టలు తీసిన పళ్లాలు. గుమ్మం పక్కన బస్తాలు తూచే పెద్ద కాటా, బల్ల మీద ఆకురాళ్లు, నూనె సీసా. వెనకగది వంటిల్లు. రెండిటికీ మధ్య ఒక పాత కర్టెను. ఇవతల రాజ్యం ఆయనది, అవతల భార్యది. ఆ సరిహద్దు దగ్గర ఎన్నడూ తగువు రాలేదు, ఎందుకంటే ఆయన అటువైపు వెళ్లి ఒక్క పని చేసిన పాపాన పోలేదు. పాలు పొంగిపోతున్నా కూర్చున్నచోటి నుంచే కేక వేసే రకం.

కొట్టులో మాత్రం మహా గట్టివాడు. ఒకసారి ఒక పెద్ద సరుకుల వ్యాపారి నలభై తూనిక రాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి బరువు సరిచేస్తారు, తనిఖీవాళ్లు ఆ సీసం మీదే ముద్ర కొడతారు. "కిలోకి పది గ్రాములే కదా మేస్త్రీ, కాస్త సీసం గీకి పడెయ్, ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు వ్యాపారి. మేస్త్రి నలభై రాళ్లూ గోనెసంచిలో వేసి, తానే మోసుకెళ్లి ఆయన బండిలో పెట్టి వచ్చాడు. ఆ వ్యాపారి మళ్లీ రాలేదు, తన చుట్టాలనీ రానివ్వలేదు. "పదే కదా అన్నవాడు రేపు ఇరవయ్యే కదా అంటాడు" అన్నాడు మేస్త్రి ఇంట్లో.

ఆ రోజు భార్య కోప్పడలేదు సరికదా, కూరలో పెద్ద ముక్క ఏరి ఆయన కంచంలో వేసింది. ఆవిడకు ప్రేమ వచ్చినా, జాలి వచ్చినా, గర్వం వచ్చినా అది మాంసం ముక్క రూపంలోనే బయటికి వచ్చేది. కూతురు రెండేళ్లప్పుడు జబ్బుపడి పుల్లలా అయిపోతే, నాలుగు నెలల పాటు తెల్లారకముందే మాంసం కొట్టు ముందు నిలబడి, కార్జం తెచ్చి, మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు చెంచాతో గుటక గుటకగా పట్టింది. పిల్లను మందులు బతికించాయని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఇవాళ్టికీ ఒప్పుకోదు.

ముక్క లేనిదే ముద్ద దిగని ఆ ఇంటి పిల్ల, పెళ్లయిన మూడో ఏడు వచ్చి, మాంసం మానేశామని చెప్పింది. అల్లుడు ఎనిమిదేళ్లు కోళ్ల గంపల లారీ నడిపాడు. ఒక ఎండాకాలం లారీ దారిలో ఆగిపోయి, మెకానిక్ వచ్చేలోపు వెనక గంపల్లో చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతుంటే వింటూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ బండీ ఎక్కలేదు, ఆ కూరా ముట్టలేదు. మొగుడితో పాటు కూతురూ మానేసింది. మాంసంతో మొదలై గుడ్లు పోయాయి, దూడ నోటి దగ్గరవి మనకెందుకని పాలూ పోయాయి. అక్కడిదాకా అమ్మ సహించింది. పెద్దవాళ్లు, వాళ్ల ఖర్మ. కానీ పుట్టిన పిల్లను కూడా అలాగే పెంచుతామనేసరికి ఆవిడ కొంగు నడుముకి బిగించింది.

మనవరాలికి నాలుగేళ్లు. తినడం అచ్చం పిచ్చుకలా గింజ గింజా ఏరుకు తింటుందని అమ్మమ్మే 'పిచ్చుక' అని పేరు పెట్టింది. ఆదివారం పొద్దున కూతురు పిల్లను ఇక్కడ దింపి, తను పనిచేసే బట్టల కొట్టుకి వెళ్లి, సాయంత్రం నాలుగింటికి వస్తుంది. ఆ రోజు ఇంట్లో మాంసం, గుడ్డు ఉండకూడదని ఒప్పందం. ఆరు రోజుల నాలుకకు ఏడో రోజు సెలవు అనేవాడు మేస్త్రి. ఆయనకు ఆ సెలవు బాగానే ఉండేది, ఎందుకంటే ఆదివారమంతా పిచ్చుక కొట్టులోనే ఉండేది. ఖాళీ పళ్లెంలో మేకులు వేసి, తీసి, మళ్లీ వేసి, ముల్లు ఊగితే కిలకిలా నవ్వేది. ఆరు రోజులు ఆయన ఆ నవ్వు కోసమే ఎదురుచూసేవాడు. ఆ మాట బయటికి అనేవాడు కాదంతే.

"దాని చేతులు చూడు, అగ్గిపుల్లలు" అనేది అమ్మమ్మ ప్రతివారం.

"పప్పు, చిక్కుళ్లు, ఆకుకూరలు, వేరుశనగలు అన్నీ తింటోందమ్మా. డాక్టరు రాసిన చుక్కలు వేస్తున్నా. మూడు నెలలకోసారి చూపిస్తున్నా. ఇంకేం చెయ్యమంటావ్?"

"ముక్క పెట్టమంటా."

ఇలా కాదని చివరికి ఇద్దరూ మేస్త్రి మీద పడ్డారు. నెలకోసారి, మొదటి ఆదివారం, బస్తాల కాటా మీద పిల్లను తూచాలి. ఆరు నెలల్లో కిలో పెరిగితే అమ్మమ్మ ఇక నోరెత్తకూడదు. పెరగకపోతే కూతురు గుడ్డుకి ఒప్పుకోవాలి. "కానీ ఒకటి" అంది కూతురు. "నాకు తెలియకుండా దాని నోట్లో ఏమన్నా పెట్టారని తెలిస్తే, నేనింక ఈ గుమ్మం తొక్కను." అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో ఇరుక్కున్న మేస్త్రి సుద్దముక్క తీసుకుని గోడ మీద మొదటి అంకె రాశాడు. పద్నాలుగు కిలోల రెండొందలు.

మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెల పిల్లకు జలుబు చేసి, కాటా మీద యాభై గ్రాములే పెరిగింది. పందెం ప్రకారం అమ్మమ్మ సంబరపడాలి. ఆవిడ మొహం మాత్రం పాలిపోయింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అయిదో తూకం అయిన మూడు రోజులకు మేస్త్రి ఒక రాయికి సీసం పోద్దామని, డబ్బాలోని సీసం ముక్కలు గరిటలో వేసి కొట్టులోని బొగ్గుల కుంపటి మీద పెట్టాడు. ఏదో మాడిన వాసన. కరిగిన సీసం మీద తేలుతున్నదాన్ని పుల్లతో పక్కకు లాగి చూశాడు. గుడ్డుపెంకు. డబ్బా బల్ల మీద బోర్లిస్తే అడుగున కాగితంలో చుట్టినవి ఇంకో గుప్పెడు ఉన్నాయి. మిగతా రోజుల్లో పెంకులు నిర్భయంగా చెత్తబుట్టలో పడతాయి. ఆదివారం చెత్తబుట్ట కూతురి చేతుల మీదుగా బయటికి వెళ్తుంది కాబట్టి, ఎవరూ చెయ్యి పెట్టని చోటు వెతికింది మహాతల్లి. ఆ డబ్బాలో ఎప్పటికైనా మొగుడు చెయ్యి పెడతాడని ఆవిడకు తట్టలేదు.

మేస్త్రికి ముందు నవ్వొచ్చింది. పిల్ల బరువు పెరిగితే ఓడిపోయేది ఈవిడే. ఓడిపోవడానికి ఇంత దొంగతనంగా గుడ్లు ఉడకబెట్టే పందెగాళ్లని ఆయన ఎక్కడా చూడలేదు. తర్వాత గోడ మీద మూడు రోజుల కిందట తనే రాసిన అంకె కనబడింది. నవ్వు ఆగిపోయింది. చెబితే కూతురు రాదు. కూతురు రాకపోతే పిచ్చుక రాదు. చెప్పకపోతే కంచే చేను మేసినట్టు, తన కాటానే తన పిల్లకు అబద్ధం చెప్పినట్టు. ఆ నెలంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. వారానికి ఒక్క గుడ్డే కదా, ఆ ఒక్కదానికి ఎంత పెరుగుతుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పెంకులు మాత్రం పారెయ్యలేదు. జేబులో పెట్టుకున్నాడు.

ఆరో తూకం ఆదివారం నాలుగింటికి కూతురు వచ్చింది. ఎప్పుడూ వచ్చీ రాగానే చెప్పులు విప్పుతూ కబుర్లు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. పిచ్చుక చెప్పుల్లేకుండా కాటా పలక మీదికి ఎక్కి, ఊపిరి బిగబట్టి, బుగ్గలు పూరించింది. గాలికి కూడా బరువుంటుందని దాని నమ్మకం. మేస్త్రి కమ్మీ మీద గుండు జరిపాడు. ముల్లు ఊగి, ఊగి, నిలబడింది.

పదిహేను కిలోల మూడొందల యాభై.

కర్టెను పక్కనుంచి తొంగిచూస్తున్న అమ్మమ్మ మొహం చింకి చాటంత అయింది. ఓడిపోయిన మనిషి మొహం అలా ఉండకూడదు.

"ఎంత నాన్నా?" అంది కూతురు.

మేస్త్రి సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. ఒకటి వేశాడు. పక్కన అయిదు వెయ్యడానికి చెయ్యి రాలేదు. వారానికి ఒక్కటే కదా అని మళ్లీ అనుకున్నాడు. అనుకోగానే అది ఎవరి గొంతో గుర్తొచ్చింది. పది గ్రాములే కదా మేస్త్రీ. నలభై రాళ్లు మోసిన భుజం ఇన్నేళ్లకు మళ్లీ నొప్పి పుట్టినట్టయింది.

"ఈ తూకం చెల్లదు" అన్నాడు.

"ఎందుకు?"

జేబులోంచి కాగితం తీసి బల్ల మీద విప్పాడు. పెంకులు. "నేనే పెట్టాను. ఆదివారం ఆదివారం. ఒక్కోటి. నేనే ఉడకబెట్టి..."

"మీరా!" కర్టెను ఒక్క ఊపున పక్కకు పోయింది. "మీకు నీళ్లు కాచడం వచ్చా అసలు? పొయ్యి ఏ పక్క ఉందో తెలుసా? గుడ్డు ఉడకబెట్టాడట గుడ్డు! ఎంతసేపు ఉడకాలో చెప్పండి చూద్దాం!"

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకు అర్థం కాలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే పీట మీద కూలబడింది. కూతురు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది.

"నాకు రెండు నెలలుగా తెలుసు" అంది చివరికి. "మొదటి వారమే చెప్పేసింది ఇది. అమ్మమ్మ దగ్గర తెల్ల బంతి ఉంది, లోపల పసుపు బంతి ఉంది, ఎవరికీ చెప్పొద్దంది అని. నాలుగేళ్ల పిల్లతో రహస్యమేంటమ్మా నీకు?"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావే?"

"అడిగితే లేదంటావు. నా మొహం చూసి నువ్వు అబద్ధం చెప్తే నేను తట్టుకోలేను." తండ్రి వైపు తిరిగింది. "అమ్మ సంగతి నాకు తెలుసు. ఈ నెలంతా నువ్వు నా మొహం చూడకుండా తిరుగుతుంటే నీకూ తెలిసిందని అర్థమైంది. నీ సంగతే తెలియాలనుకున్నా నాన్నా. నువ్వు ఆ అంకె రాసేసుంటే గెలిచానని నవ్వేసి, పిల్లనెత్తుకుని వెళ్లిపోయేదాన్ని. మళ్లీ వచ్చేదాన్ని కాదు."

మేస్త్రి గోడ మీది ఒకటి అంకె వైపు చూశాడు. ఇంకొక్క అంకె వేసి ఉంటే, అనుకుంటూ సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు.

"నీ చేతులూ ఇలాగే ఉండేవే రెండేళ్లప్పుడు" అంది అమ్మమ్మ పీట మీద నుంచి. "దీని చేతులు చూస్తే నాకు అవే కనిపిస్తాయి. నేనేం చెయ్యను?"

కూతురు వెళ్లి పక్కనే నేల మీద కూర్చుంది. "నాకప్పుడు జబ్బమ్మా. దీనికి ఏ జబ్బూ లేదు, సన్నంగా ఉందంతే. నువ్వు తాగించిన ఆ నీళ్లతోనే నేను బతికానంటే కాదనను. కానీ ఇది నా పిల్ల. గుడ్డు వద్దు. ఎదురుగా చెప్తున్నా, వద్దు."

పిచ్చుక ఇంకా కాటా మీదే నిలబడి, బుగ్గల్లో గాలి వదలాలా వద్దా అని అందరి మొహాలూ చూస్తోంది.

"మరి ఏం పెట్టమంటావు?" అంది అమ్మమ్మ.

వండేముందు ఒకరిని ఈ మాట అడగడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కూతురు సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. అది ఎన్ని వారాలుగా ఆ సంచిలో ఉందో, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఇద్దరూ దాన్ని పట్టుకుని కర్టెను అవతలికి వెళ్లారు. మేస్త్రి పిల్లను దింపి, ఆరు నెలల అంకెలన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.

కాసేపటికి లోపలినుంచి కేక వినబడింది. "ఏమండీ! దీన్లో అన్నీ గ్రాముల్లో రాసి ఉన్నాయి. శనగలు నలభై గ్రాములట, వేరుశనగలు పదిహేనట. చేత్తో వేసేదాన్ని, నాకీ గ్రాములేం తెలుసు? కాస్త ఇలా రండి!"

మేస్త్రి బల్ల మీది చిన్న కాటా తీసి, పళ్లాలు తుడిచి, ముల్లు మధ్యలో నిలబడిందో లేదో ఒకసారి చూసుకున్నాడు. పిచ్చుక గ్రాముల రాళ్ల పెట్టె పట్టుకుని ముందు నడిచింది. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆయన పని మీద కర్టెను దాటాడు.