నాన్నా నేనూ ఒకేసారి పడిపోయిన పుట్టినరోజు

బెంగళూరు బెళ్ళందూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పనికన్నా చప్పుళ్ళంటేనే ఎక్కువ భయం. తలుపు ధడాలుమన్నా, వెనకనుంచి ఎవరైనా భుజం తట్టినా ఒళ్ళు కొయ్యబారి, చేతులు అడ్డం పెట్టుకునే వీలైనా లేకుండా నిలువునా పడిపోయేదాన్ని. స్పృహ మాత్రం పోదు (అదే పెద్ద బాధ). ఇది నాన్న నుంచి నాకొచ్చిన ఆస్తి. ఆయనకు మా నానమ్మ ఇచ్చింది. డాక్టరు నోరు తిరగని పేరేదో చెప్పి, బిళ్ళలతో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదన్నాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు గనక ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మా టీములో ఒకావిడ ఎవరి పుట్టినరోజునూ వదిలిపెట్టేది కాదు. అందుకే ఆమెకు పండగమ్మ అని పేరు. నా పుట్టినరోజు ఉదయం ఆమె సంచిలో బుడగలు కనిపించాయి. ఇక నాకు పనెక్కడ సాగుతుంది? గోడకు వీపు ఆనించి కూర్చుని నాన్నకు ఫోను చేశాను. "నువ్వు కదలొద్దు మా, నేనొస్తాండా" అని ఆయన హిందూపురంలో బస్సెక్కేశాడు. (ఇద్దరిలో ఎవరు ఎవరిని పట్టుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.)

సాయంత్రం నాన్న మా అంతస్తుకొచ్చి గాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను లేచి ఎదురెళ్ళాను. సరిగ్గా అప్పుడే పండగమ్మ వెనకనుంచి వచ్చి "హ్యాపీ బర్త్‌డే!" అంటూ బుడగ పగలగొట్టింది. నేనిటు, నాన్నటు, కర్రల్లా పడ్డాం.

"అంబులెన్స్!" అని మా మేనేజరు సారు కేక పెట్టాడు. అప్పుడప్పుడే సడలుతున్న నాన్న ఆ కేకకు మళ్ళీ బిగుసుకుపోయాడు. పడుకునే, పైకప్పును చూస్తూ, ఎంతో మర్యాదగా అన్నాడు: "అరవద్దు సార్. మా ఇంట్లో ఇది మామూలే. రొంతసేపుంటే మేమే లేస్తాం. పాపకు తలకేం కాలేదు కదా, చూడండి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. పండగమ్మ నా పక్కన కూలబడి, "యాల చెప్పలేదు మా నువ్వు? నా పానం పోయినంత పనాయె!" అంది గుసగుసగా. సారు మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు తగ్గించి, "మేమేం చేస్తే మీకు బాగుంటుందో చెప్పండి" అన్నాడు. కాసేపు కిందే కూర్చుంటామన్నాం. దాంతో కేకు నేలమీదికే వచ్చింది. తర్వాత ఉద్యోగమూ పర్మనెంటు అయింది.

నెత్తిన బొప్పితో, మూతికి క్రీముతో, ఇప్పుడేమంటారోనని అందరి మొహాలూ చూస్తూ నాన్న పక్కన కూర్చున్న ఆ పిల్ల, అప్పటి నేను, ఇప్పటికీ గుర్తొస్తుంది. కాస్త దూరం నుంచే, మెల్లగా పిలిచి, "ఎవరూ ఏమీ అనరు, తిను తల్లీ" అని చెప్పాలనిపిస్తుంది.