గుట్ట మీది గదిలో బావ నవ్వు

మా అక్క మొగుడు నా జోకులకు నవ్వడు. కల్వకుర్తిలో ఇద్దరం కలిసి ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపు నడుపుతున్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పళ్లు చూపించలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు మనుషులను నవ్వించడమొక్కటే బాగా వచ్చిన విద్య. అదీ ఆయన దగ్గర చెల్లలేదు.

వనపర్తి అవతల గుట్ట మీద ఒక కాలేజీ వాళ్లు టెలిస్కోపు పెట్టుకున్నారు. దాని కెమెరాలోకి చెమ్మ చేరితే అద్దం మసకబారుతుందట. అందుకే లోపల పొడి గ్యాసు సన్నగా పారుతూనే ఉండాలన్నారు అక్కడి కాలేజీ సారు. అది నైట్రోజన్. మాకేం కొత్త కాదు, ఏసీ పైపులు ఊదడానికి రోజూ వాడేదే. కాకపోతే మేం వాడేది డాబాల మీద, ఆరుబయట.

ఆ రోజు వాన. సిలిండర్‌ను బయట రేకుల కింద నిలబెట్టి, టెలిస్కోపు గది గోడకు కొట్టిన బొక్కలోంచి రాగి పైపు లోపలికి పంపాం. సిలిండర్ దగ్గర నేను, లోపల బావ. టెలిస్కోపు పోను ఒక మనిషి నిలబడేంత గది. సారు భోజనానికి కిందికి దిగారు.

కెమెరాకు బిగించే ముందు పైపులోని దుమ్ము పోవాలని కొసను వదులుగా ఉంచి గ్యాసు ఊదుతాం. నేను వాల్వు తిప్పాను. జల్లు కొడుతోందని బావ తలుపు వేసుకున్నాడు. చెమ్మ రాకుండా అంచులకు రబ్బరు వేయించిన తలుపు అది.

"ఇంకా ఇడువు జర," అన్నాడు లోపలి నుంచి. ఇంకొంచెం తిప్పాను.

"బావా, అయ్యిందా?"

"ఉండురా. పైపు కోసిన పొడి ఇంకా వస్తుంది."

రేకుల మీద వాన దంచుతోంది, గ్యాసు పోతూనే ఉంది. ఊరికే ఉండలేక అడిగాను. "అక్క ఫోన్ చేస్తే ఏం చెప్పాలె? నీ మొగుడు చుక్కలకు దుమ్ము దులుపుతుండని చెప్పాల్నా?"

లోపల నవ్వు. ముందు ముక్కుతో, తర్వాత ఆగకుండా. నేను సంబరపడాలి. కానీ గోడకు చెవి ఆనించాను. ఆ జోకు అంత గొప్పది కాదని నాకు తెలుసు.

"చుక్కలకా... ఏందిరా అన్నవు..." మాట తాగినవాడి మాటలా సాగింది. పానా కింద పడిన చప్పుడైంది.

ఈ గ్యాసుకు వాసన ఉండదు. వంటగ్యాసులా ముందుగా చెప్పి రాదు. మూసిన గదిలో గాలిని నెట్టేసి అక్కడ తాను కూర్చుంటుంది. ఊపిరికి గాలి చాలని మనిషికి ముందు మత్తులా ఎక్కుతుంది. వాల్వు ఏ వైపు మూసుకుంటుందో నా చేయి మరిచిపోయింది. ఒకసారి ఇంకా ఎక్కువ తెరిచి, మళ్లీ మూసి, పరుగెత్తాను.

తలుపు కదలలేదు. బావ దానికే ఆనుకుని కూలబడ్డాడు.

"బావా, జరుగు. జోకు కాదు బావా, జరుగు."

భుజంతో తోశాను. బెత్తెడు సందు దొరికింది. ఊపిరి బిగబట్టి, ఆ సందులోంచి చెయ్యి పెట్టి కాలర్ దొరకబుచ్చుకుని పక్కకు లాగాను. తర్వాత చంకల కింద పట్టి వానలోకి ఈడ్చాను. పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టున్నాయి. ఇందాక నవ్వులాటకు అడిగిన ప్రశ్న ఇప్పుడు నిజంగానే ముందుకొచ్చి నిలబడింది. అక్కకు ఏం చెప్పాలి?

చెంప మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. ఎంతసేపటికో ఛాతీ ఎగిసింది, దగ్గు వచ్చింది.

"ఎందుకురా కొడుతున్నవు?" అన్నాడు. నవ్విన సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

సారు కారులోనే దవాఖానకు తీసుకుపోయాం. సాయంత్రానికి పంపించారు.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఎక్కాం. కెమెరాలోంచి వచ్చే గ్యాసు బయటికి పోయేలా ఇంకో పైపు వేశాం. తలుపును బార్లా తెరిచి తీగతో గోడకు కట్టేశాం. ఇక లోపల నట్టు బిగించాలి. ఈసారి నేను పోతానన్నాను, కాళ్లు మాత్రం గడప దగ్గరే ఆగిపోయాయి. బావ వెనక నిలబడి నా చొక్కా పిడికిట్లో పట్టుకున్నాడు.

"మాట్లాడుకుంట చెయ్యి. ఆపకు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న."

నోట్లో ఒక్క జోకు లేదు. "నట్టు పెట్టిన బావా," అన్నాను. "తిప్పుతున్న. ఇంకా తిప్పుతున్న." పని అయ్యేదాకా అదే అంటూ ఉన్నాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ ఆయన నా చొక్కా గుంజాడు.