లెక్కల గ్రూపులో ఆడపిల్లల బెంచీ

ఈ రోజు నెల్లూరు కాలేజీలో పి.యు.సి.లో, అంటే బడి తర్వాతి ఏడాది చదువులో, చేరాను. తోటపల్లి గూడూరు బడిలో లెక్కలంటే ప్రాణం పెట్టిన నాకు, ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే అనగానే మార్కుల బెంగ పట్టుకుంది.

"లెక్కల్లో ఆడపిల్లవి నువ్వొక్కదానివే అమ్మాయ్. తెలీకుంటే ఎవుర్ని అడుగుతావు? హిస్టరీలో నలుగురుండారు, ఆడ చేరు," అన్నారు గుమాస్తా గారు.

"లెక్కలే రాసుకోండి సార్," అన్నాను.

ఇక్కడ ఆడపిల్లలు లేడీస్ రూములో కూర్చుని, లెక్చరరు వెనకాలే క్లాసుకు వెళ్ళాలట. మగపిల్లలతో మాట్లాడకూడదట. సాయంత్రం లెక్కల క్లాసులోకి తొంగి చూస్తే, అటెండరు నాకోసం గోడవారగా ఐదుగురు పట్టే బెంచీ వేస్తున్నాడు.

హాస్టలుకు వచ్చినప్పటి నుంచీ అదే ఆలోచన. రేపు దాని మీద ఏ చివర కూర్చోవాలి? మధ్యలో కూర్చుంటే మరీ ఒంటరిగా కనిపిస్తానేమో. మీరైతే ఎక్కడ కూర్చుంటారు?