దిగాక?

మా మేనత్తకి ఒకటే జబ్బు. ఎవరైనా ఎక్కడి నుంచైనా వచ్చానన్నారంటే చాలు, "దిగాక?" అంటుంది. బస్సు దిగానన్నా అదే ప్రశ్న, రైలు దిగానన్నా అదే. విమానం దిగి వచ్చిన మా మామయ్య అన్నగారు అక్కడి వింతలు గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే మధ్యలో ఆపి, విమానాశ్రయం నుంచి బస్టాపు దాకా నీడ ఉందా అని అడిగింది. ఆయన టాక్సీలో వచ్చానన్నారు. అత్తయ్య ఆయన్ని జాలిగా చూసి మంచినీళ్లిచ్చింది.

ఆ జబ్బు ఉద్యోగంతో అంటుకుంది. ఊళ్లో ఏ బస్సు ఏ దారిన తిరగాలో తేల్చే ఆఫీసులో ఆవిడ పెద్ద అధికారి. అక్కడే నేను కంప్యూటర్ మీద మ్యాపులు గీస్తాను. మా ఊళ్లో ఎంత దూరమైనా ఒకటే టికెట్టు. ఎక్కేటప్పుడు ముందు తలుపు దగ్గర, దిగేటప్పుడు వెనక తలుపు దగ్గర కార్డు తాకించాలి, అదీ జనాన్ని లెక్కపెట్టుకోవడానికే. ఆ లెక్కలన్నీ కలిసి జనం ఉన్నచోట ఎర్రగా, లేనిచోట నీలంగా ఊరు ఊరంతా నా తెర మీద వెలుగుతుంటే నాకు కడుపు నిండిపోతుంది. అత్తయ్యకి నిండదు. "ఇది దిగేదాకా చెబుతుందిరా. దిగాక?" అంటుంది.

ఒకసారి మా డైరెక్టరు గారు మనసు విప్పి, వచ్చే ఏడు పదవి నుంచి దిగిపోతున్నానని చెప్పారు. అందరం తలలు దించుకున్నాం. అత్తయ్య మాత్రం అలవాటు చొప్పున "దిగాక?" అంది. ఆయన ఆ పూటంతా క్యాలెండరు తిరగేస్తూ కూర్చున్నారు.

కొత్త కరెంటు బస్సులు వచ్చిన సంబరంలో ఆ డైరెక్టరు గారే ఒక బాంబు పేల్చారు. బస్సులు తక్కువ, ఊరు పెద్దది, కాబట్టి ఖాళీగా తిరిగే రూటు ఒకటి తీసేద్దామన్నారు. ఆ రూటేదో నా మ్యాపే చూపించింది. కొండ కాలనీ బస్సు. తెర మీద అది నీలంగా కూడా లేదు, అసలు లెక్కే లేనట్టు తెల్లగా ఉంది. ఆ కాలనీ ఆడవాళ్లలో చాలామంది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తారు. బస్సు పోతే వాళ్లు బరువులు మోసుకుంటూ ఎండలో కొండెక్కాలి.

అత్తయ్య మ్యాపు చుట్టూ పిల్లిలా తిరిగి, ఏమైనా లెక్కలు పారేశావా అని అడిగింది. నేను కాదు, సాఫ్ట్‌వేరే చెత్తని ఏరేసిందన్నాను. ఎలాంటి చెత్త అంది. ఎక్కిన స్టాపులోనే దిగిపోయినట్టు చూపించే కార్డులన్నాను.

"ఎక్కినచోటే దిగారా?" అత్తయ్య మొహం వెలిగిపోయింది. "దిగాక?"

మొదటిసారి ఆ ప్రశ్న నాకూ తగిలింది. నిజమే, దిగాక వాళ్లంతా ఏమయ్యారు? పది నిమిషాల్లో ఇద్దరం కొండ కాలనీ బస్సులో ఉన్నాం.

లాండ్రీ దగ్గర బస్సు నిండిపోయింది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే ముందు తలుపు దగ్గర కార్డు తాకించి, తిన్నగా వెనక తలుపు దగ్గరికి వెళ్లి అక్కడా తాకించి, అప్పుడు సీట్లలో కూర్చున్నారు. అందరూ పెద్దక్కా అని పిలిచే ఒకావిడని అత్తయ్య ఇదేమిటని అడిగింది. దిగేటప్పుడు రెండు చేతుల్లో సంచులుంటాయట, తాకించడం మర్చిపోతే కార్డు ఆగిపోతుందని ఎవరో చెప్పారట.

"అందుకే ముందే దిగేసి కూర్చుంటామమ్మా. మనసు నిమ్మళంగా ఉంటుంది" అంది పెద్దక్క.

అత్తయ్య సీట్లోంచి లేచి నిలబడి మరీ నవ్వింది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బస్సు నిండా జనాన్ని పెట్టుకుని ఖాళీ అనుకున్నాం. మర్నాడు పారేసిన లెక్కలన్నీ తిరిగి మ్యాపులో కలిపాను. కొండ దారి అడుగు నుంచి కొస దాకా ఎర్రగా మండింది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. డైరెక్టరు గారు తెరకేసి చూసి, కళ్లజోడు తుడుచుకుని, "ఇంతమందీ... దిగాక?" అన్నారు. జబ్బు ఆయనకీ అంటుకుంది. మొట్టమొదటి కరెంటు బస్సు ఆ రూటుకే ఇచ్చారు.

అది మొదలైన సాయంత్రం పెద్దక్క వాళ్లతో పాటు మేమిద్దరం ఎక్కాం. అత్తయ్య దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చెప్పినా ఆవిడ కదల్లేదు. చివరి స్టాపులో దిగి, పెద్దక్క చేతిలోంచి ఒక సంచి లాక్కుని, ఇంకోటి నా భుజానికి తగిలించి వాళ్ల ఇళ్లకి వెళ్లే మెట్లెక్కడం మొదలుపెట్టింది. రోజుకో రూటులో, బరువు మోసుకెళ్లే ఎవరో ఒకరితో ఇదే వరస అని ఆయాసపడుతూ ఎక్కుతుంటే అప్పుడు చెప్పింది. ఆఫీసు పని వల్ల ఆలస్యమవుతోందని పాపం మామయ్య ఇన్నేళ్లూ నమ్మాడు.

సగం మెట్ల మీద అత్తయ్య ఫోను మోగింది. మామయ్య. బస్సు దిగావా అని అడిగాడు. దిగానంది.

"దిగాక?" అన్నాడు మామయ్య. ఆ ఇంట్లో ఇంకో మాట ఎలా వస్తుంది?

"దింపాక వస్తాను" అంది అత్తయ్య. "మీరు తినేయండి."