బాపు వేలు కరిచిన పిల్లి కూన

మా ఇంట్లో పిల్లిని ముచ్చటపడి తెచ్చుకోలేదు. ఎలుకల బాధ పడలేక తెచ్చుకున్నాం. నేతపని చేసేవాళ్ల ఇల్లు కదా, ఎప్పుడు చూసినా గంజి వాసనే. పడుగు నూలుకు గంజి పట్టించి ఆరబెడితేనే పోగు గట్టిపడి మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఎలుకలు ఆ గంజి కోసం వస్తాయి. అవి తినేది గంజి, పోయేది మా నూలు. ఒకసారి చుట్టిపెట్టిన పడుగును అంచు పొడవునా కొరికేస్తే, మా బాపు తెగిన పోగులన్నీ ఒక్కొక్కటిగా వేళ్లతో అతుక్కుంటూ అన్నానికి కూడా లేవలేదు. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. మర్నాడే అవ్వ వెనకింటి కట్టెల మోపు సందులో తల్లి వదిలేసి పోయిన కూనను కొంగులో వేసుకొని తెచ్చింది.

అరచేతిలో పట్టేంత ఉంది. బూడిద రంగు ఒళ్లు, మెడ కింద గంజి చుక్క పడి ఆరినట్టు తెల్లటి మచ్చ. నాలుక చాచి తాగడం కూడా ఇంకా రాదు దానికి. పక్కింట్లో అడిగి తెచ్చిన చారెడు పాలను అవ్వ గంజిలో కలిపి నా ముందు పెట్టింది.

"వేలు ముంచి దాని నోట్ల పెట్టు బిడ్డా. అదే చీక్తది."

నేను వేలు ముంచాను. అది నిజంగానే రెండు కాళ్లతో నా వేలు పట్టుకొని చీకింది. చక్కిలిగింతలకు నేను నవ్వడం, అది వదలకపోవడం. నేను లేనప్పుడు అవ్వ వేలు, అవ్వకు పనుంటే బాపు వేలు. మా ముగ్గురి వేళ్ల మీదే బతికింది ఆ కూన.

నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది అప్పటికి. మానేరు పక్కనున్న మా ఊళ్లోకి కరెంటు మగ్గాలు ఇంకా రాలేదు. మాది గుంత మగ్గం. నేలలో గొయ్యి ఉంటుంది, బాపు అందులోకి కాళ్లు దింపి కూర్చొని, కాళ్లతో కట్టెలు తొక్కుతూ చేతులతో అడ్డపోగు నాడె విసురుతూ నేసేవాడు. నేను రెండో తరగతితో బడి మానేసి రాట్నం ముందు కూర్చొని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేదాన్ని. బడి మానిపించారని నాకు ఏడుపేమీ రాలేదు. ఇంట్లో నా పని నాకుందన్న గర్వం ఉండేది.

కూనకు పళ్లొచ్చాయి, కథ మారింది. వేలు కనబడితే చాలు, పొంచి చూసి ఎగిరి పట్టుకునేది. ముందు కాళ్లతో కరుచుకొని, వెనక కాళ్లతో టపటపా తన్నుతూ కొరికేది. నేను "అబ్బా!" అని చెయ్యి లాక్కుంటే దానికి మరింత సంబరం, వెంటపడేది. కండె చుట్టేటప్పుడు నూలు మీదికి దూకేది. అవ్వ బియ్యం చెరుగుతుంటే మణికట్టుకు వేలాడేది. అన్నిటికన్నా దానికి ఇష్టమైన చోటు మగ్గం గుంత. చీకట్లో ఓ మూల నక్కి, బాపు కట్టె తొక్కగానే కాలి బొటనవేలు పట్టేది.

"ఏమే! గీ గుంతల పాము పెట్టినవా, పిల్లి పెట్టినవా?" అని బాపు పైనుంచి అరిచేవాడు.

"గింతంత కూనకే ఆగమాగం అయితున్నవు. ఎలుకలను చూస్తే ఏం జేస్తవో!" అని అవ్వ లోపలి నుంచి నవ్వేది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు. ఒక పొద్దున బాపు తెల్ల పంచె నేస్తున్నాడు. పోగు తెగింది. అతకడానికి చూపుడువేలు పడుగు కిందికి పోనిచ్చాడు. గుంతలోంచి చూస్తే నూలు కింద వేలు కదులుతోంది. అంతే, కూన కింది నుంచి దూకి కొనను పట్టేసింది. బాపు చెయ్యి గుంజుకున్నాడు. నెత్తుటి చుక్క పంచె మీద పడింది. అవ్వ పరుగెత్తుకొచ్చి చన్నీళ్లలో ఉప్పు వేసి మరకను మెల్లగా అద్ది తీసింది గానీ, బాపు వేలి కొనకు పడిన గాటును ఏం చేస్తుంది? నేతగాడి చూపుడువేలు అది. చర్మం చిట్లిన చోట ప్రతి పోగూ తగులుకునేది. తగిలినప్పుడల్లా బాపు మొహం ముడుచుకునేది.

"ఇగ చాలు. గిది నాకొద్దు" అన్నాడు.

మా వాడ చివర ఎద్దుబండి తోలే చాచా ఉండేవాడు. పత్తి మోపులు ఎక్కించుకొని జమ్మికుంట మార్కెట్టుకు పోయివస్తుండేవాడు. అక్కడి ఒక గోదాములో ఎలుకలు ఎక్కువయ్యాయని, పిల్లి ఉంటే ఇమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. బాపు ఆయనకు కబురు చేశాడు. గోదాములో పిల్లిని ఎవరు చూస్తారు, పత్తి మోపు కింద పడితే ఎవరు తీస్తారు అని నాకు గుబులు. నా వేలు చీకి బతికిన ప్రాణం.

చాచా సంచి పట్టుకొని వచ్చాడు. చేతికి రుమాలు మడతలు మడతలుగా చుట్టుకున్నాడు.

"ఏది అన్నా, మీ పులి? జర దూరంకెల్లి చూపియ్యి."

కూన నా ఒడిలోంచి దిగి ఆయన దగ్గరికి పోయింది. వాసన చూసింది. రుమాలు చుట్టని చేతిని తలతో రుద్దింది. చొక్కా పట్టుకొని భుజం మీదికెక్కి, గడ్డం పక్కన కూర్చొని గుర్రుమంది. చాచా చేతి రుమాలు విప్పి పారేసి పకపకా నవ్వాడు.

"అరే! దీనికేనా ఇంత పరేషాన్ అయితున్నవు? నన్ను కొరకలే, నిన్నొక్కన్నే కొరుకుతుందా? వేళ్లకేమన్న బెల్లం రాసుకుంటున్నవా, అన్నా?"

బాపు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నన్ను కుదిపింది. బెల్లం కాదు, గంజి! చాచా చేతికి ఎద్దుల వాసన, బండి చమురు వాసన. మా చేతులకు పొద్దున లేస్తే గంజి. నాడె పట్టినా గంజి, కండె చుట్టినా గంజి. దానికి పాలిచ్చిన వేలూ అదే, ఇప్పుడు కొరికే వేలూ అదే. దాని లెక్కలో మా వేలు అంటే తిండి. అలా నేర్పింది మేమే!

"చాచా, గీ బండికి వద్దు. మళ్లొచ్చే బండికి తీస్కపో" అన్నాను. "బాపూ, ఒక్కపారి. నేను మాన్పిస్త."

"ఎట్ల మాన్పిస్తవే? పంతులుకు చెప్పి బడికి తోలుతవా?"

"నువ్వు చూడు."

బాపు తన వేలి గాటు చూసుకున్నాడు. "సరే. బండి మళ్లొచ్చేదాకనే. ఒక్క గాటు పడ్డా సంచిలనే."

మర్నాటి నుంచి దానికి తిండి కొబ్బరి చిప్పలోనే. వేలు ముంచింది లేదు. చిప్ప ముందు కూర్చొని అది అరిచిన అరుపులు వాడంతా విన్నది. నేను చేతులు వెనక కట్టుకొని కూర్చున్నాను. ఆకలి ముదిరాక మూతి ముంచింది. ఒకసారి అవ్వ జాలిపడి పొయ్యి చాటున వేలు అందిస్తుంటే పట్టుకున్నాను.

"అవ్వా! ఏం జేస్తున్నవు?"

"ఓయమ్మ, అత్తకు దొరికినట్టు దొరికిన నీకు!" అని అవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. మళ్లీ ఇవ్వలేదు.

కరిచినప్పుడు చెయ్యి లాక్కోవడం మానేశాను. గుంజుకుంటే దానికి ఆట. కట్టెలా బిగపట్టి కదలకుండా ఉంచి, అది వదలగానే మాటా పలుకూ లేకుండా లేచి రాట్నం దగ్గరికి పోయేదాన్ని. కూన అక్కడే కూర్చొని, ఏమైందీమెకు అన్నట్టు చూసేది. కొట్టలేదు, తిట్టలేదు. నాకు కష్టమైంది అదే. అది అలా చూస్తుంటే ఎత్తుకోకుండా ఉండడం.

మరి దాని పళ్ల దురద తీరేదెలా? పనికిరాని నూలు పోగులన్నీ ముద్దగా చుట్టి, పొడుగాటి వెదురు పుల్లకు కట్టాను. బాపు మగ్గం గుంతలోకి దిగకముందే వాకిట్లో ఆ పుల్ల ఆడించేదాన్ని. దూకేది, పట్టేది, తన్నేది, నూలు ముద్దను చీల్చి పోగులు పెట్టేది. చివరికి నాలుక బయటపెట్టి నీడలో పడి నిద్రపోయేది. బాపు కాలి వేళ్లు హాయిగా కట్టెలు తొక్కుకునేవి.

"పిల్లిని ఆడిపిచ్చుడు కూడా ఒక పనేనా?" అని ఇరుగు పొరుగు ఆడవాళ్లు ఎకసక్కెం చేశారు. అవ్వ మాత్రం, "చుట్టే కండెలు చుడుతనే ఉంది గదా! మీకేం బాధ?" అని నా వైపు నిలబడింది.

కొత్త పడుగుకు గంజి పెట్టే పొద్దు వచ్చింది. వీధి పొడుగునా నూలు చాపి కట్టారు. వాడలోని మగవాళ్లంతా సాయానికి వచ్చారు. మోచేతుల దాకా గంజితో, పెద్ద కుంచెలు పట్టుకొని అటూ ఇటూ నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడే చాచా బండి వచ్చి ఆగింది. సంచి భుజాన ఉంది.

బాపు కుంచె పక్కవాడికిచ్చి గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గాటు మానిన ఆ చూపుడువేలినే, గంజి కారుతున్నదాన్ని, కూన మూతి ముందు పెట్టాడు. కుంచెలు ఆగిపోయాయి.

కూన వాసన చూసింది. చెవులు నిక్కించింది. ఒక్కసారి నాకింది, గరుకు నాలుకతో. తర్వాత వేలును వదిలేసి, తోక ఎత్తుకొని గడప లోపలి కొబ్బరి చిప్ప దగ్గరికి నడిచిపోయి కూర్చుంది. అక్కడి నుంచి మావైపు చూసి "మ్యావ్" అంది. ఇందులో పొయ్యండి అన్నట్టు!

వాడంతా గొల్లున నవ్వింది. బాపు లేచి, గంజి చెయ్యి పంచెకు తుడుచుకుంటూ, "ఖాళీ సంచి తీస్కపో భాయ్. గిది మా ఇంటి పిల్ల" అన్నాడు.

ఆ తర్వాత మా పడుగును ఎలుక ముట్టింది లేదు. అది పెద్దదై కూనలు పెట్టింది. వాడలో నాలుగిళ్లవాళ్లు అడిగి తీసుకుపోయారు. చాచా కూడా గోదాముకని ఒకటి తీసుకున్నాడు. నేను రాట్నం తిప్పుతున్నాను. బాపు మగ్గంలోంచే ఆయనకు చెప్పాడు.

"చేతితోని తినిపియ్యకుండ్రని చెప్పు. చిప్పల పొయ్యాలె. కొరికితే గుంజుకోవద్దు, కొట్టద్దు, లేసి పోవాలె. ఒక పుల్లకు గుడ్డముక్క కట్టి ఆడిపియ్యాలె. మర్సిపోకు."

చాచా కూనను రుమాలులో పెట్టుకుంటూ నోరు తెరిచాడు. "అన్నా, నీకు నేతనే వస్తదనుకున్న. పిల్లుల సంగతి ఎవరు నేర్పిండ్రు?"

బాపు నాడె విసరడం ఆపలేదు. గడ్డంతో నా వైపు చూపించాడు.

"మా ఇంట్ల ఉస్తాద్ ఉంది గదా."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా నవ్వు ఇద్దరికీ కనబడుతుందని. రాట్నం మాత్రం ఎన్నడూ లేనంత జోరుగా తిరిగింది.